పలకరింపుకు వెళ్లడం

తాడేపల్లిగూడెంలో సైకిలు మీద టెలిగ్రాంలు పంచినవాణ్ణి నేను. కాయితం విప్పకముందే ఇంట్లో ఏడుపు మొదలయ్యేది. ఆ చావు కబురు అందిన చుట్టాలు బయల్దేరడాన్నే మా వైపు పలకరింపుకు వెళ్లడం అంటారు.

1893–96 మధ్య బెజవాడ నుంచి కటకం దాకా రైలు లైను పడకముందు ఏలూరు కాలవ మీద పడవే గతి. కొల్లేటి లంకలకైతే తాటిదోనె. దూరాన్ని బట్టి ఒకరు మూడోనాడు దిగితే ఇంకొకరు తొమ్మిదోనాడు దిగేవాళ్లు. రైళ్లు, బస్సులు వచ్చినా మా చిన్నప్పటిదాకా కొంత అలాగే సాగింది. ఆ ఆలస్యమే మేలు చేసిందని నా నమ్మకం. వచ్చిన ప్రతివాళ్లూ "ఎలా జరిగిందమ్మా?" అనేవాళ్లు. ఇల్లాలు మళ్లీ మొదటినుంచి చెప్పేది. మొదట్లో మాటలన్నీ ఏడుపులో కలిసిపోయేవి. పదోనాటికి ఏ బండిలో ఆసుపత్రికి తీసుకెళ్లిందీ, ఆఖర్న ఏం తాగాడన్నదీ వరస తప్పకుండా వచ్చేది.

అయితే చెప్పుకున్నంత మాత్రాన బాధ తగ్గదని బెల్జియం మనస్తత్వవేత్త బెర్నార్డ్ రిమే పరిశోధనలు చూపించాయి. తేలికపడ్డామంటారు గానీ, తలుచుకుంటే ఆ పోటు అంతే ఉంటుందట. మా మేనత్త రిమే పేరు వినలేదు. అయినా ఊరికే వినేది కాదు. "ఆ రాత్రే ఏలూరు తీసుకెళ్లావా లేదా? నువ్వు చెయ్యాల్సింది చేశావు" అని అడ్డుపడేది. నావల్లే పోయాడన్న మాటను అక్కడే తుంచేది. అంతా దేవుడి లీల అనే పెద్దమనుషులంటే ఆవిడకు పడేది కాదు, నాకూ పడదు. లేచేటప్పుడు మాత్రం చావింట్లో వెళ్లొస్తానని అనకూడదు గనక చెప్పకుండానే వచ్చేసేది.

2013 జులైలో టెలిగ్రాం ఆగిపోయింది. ఇప్పుడు ఫోను మోగిన పూటే అందరూ కార్లలో దిగి, పొద్దుగూకేలోగా వెళ్లిపోతున్నారు.

పలకరింపు చావింటికే అని మేనత్త అనుకోలేదు. 2006లో కొల్లేట్లో చేపల చెరువుల గట్లు పగలగొట్టారు. 1999లోనే అభయారణ్యంగా ప్రకటించిన చోటది, సరస్సు బతకాలంటే తప్పదు. కానీ చిన్న వాటా ఉన్న మా చుట్టం ఒకడు అన్నం మానేశాడు. మేనత్త కైకలూరు బస్సెక్కింది. ఎవరూ పోని ఇంటికి పలకరింపేమిటని ఇంట్లో నవ్వారు. అక్కడా ఆవిడ "ఎలా జరిగిందిరా?" అనే అడిగింది. వాడు గట్టు పోసిన ఏడాది నుంచి మొదలెట్టి చీకటి పడేదాకా చెప్పాడు. అప్పుడు అప్పెంతో అడిగి, ఎవరికెంతో కాయితం మీద రాయించి, ముందు ఎవరిని గడువు అడగాలో తేల్చింది. చావిల్లు కాదు గనక, పొద్దున్నే వెళ్లొస్తానని గట్టిగా చెప్పి మరీ బస్సెక్కింది.