ట్రాన్సిస్టర్ గిటార్ ఆంప్లిఫయర్ మీద పడిన నింద

పెళ్ళిళ్ళలో, జాతర్లలో పాటకచేరీలు చేసే ఆర్కెస్ట్రా పార్టీలను మీరు చూసే ఉంటారు. గిటారు వాయించే కుర్రవాడి పక్కన ఒక నల్లపెట్టె ఉంటుంది. తీగ కంపించినప్పుడు దాని కింది అయస్కాంతపు చుట్టలో పుట్టే విద్యుత్తు చాలా స్వల్పం. దాన్ని స్పీకరు అదిరేటంతగా పెంచేది ఆ పెట్టె. అదే ఆంప్లిఫయర్. 1960లలో, 70లలో వచ్చిన ట్రాన్సిస్టర్ ఆంప్లిఫయర్లకు పుట్టుకతోనే చెడ్డపేరు వచ్చింది. ఆ పేరు వల్లనే ఎన్నో పెట్టెలు పాతసామాన్ల బండి ఎక్కాయి. ఆ నిందలో నిజమెంతో ఇవాళ చూద్దాం.

1947 డిసెంబరులో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో జాన్ బార్డీన్, వాల్టర్ బ్రాటెయిన్ మొదటి ట్రాన్సిస్టర్‌ను పనిచేయించారు. వారిద్దరికీ, విలియం షాక్లీకీ కలిపి 1956లో నోబెల్ బహుమతి వచ్చింది. మన ఇళ్ళల్లో ట్రాన్సిస్టర్ అంటే చేత్తో పట్టుకు తిరిగే రేడియో అనే అర్థం స్థిరపడింది గాని, నిజానికి అది ఆ రేడియో లోపలుండే గింజంత వస్తువు పేరు. అంతకుముందు ఆ పని చేసినవి గాజు వాల్వులు. అవి వేడెక్కేదాకా ఆగాలి, వాటికి వందల వోల్టులు కావాలి, కిందపడితే ముక్కలే.

గిటార్లకూ ఆంప్లిఫయర్లకూ పేరుపడ్డ ఫెండర్ కంపెనీని 1965లో సి.బి.ఎస్. అనే అమెరికన్ ప్రసార సంస్థ కోటీ ముప్ఫై లక్షల డాలర్లకు కొనుక్కుంది. మరుసటి ఏడే ట్రాన్సిస్టర్ ఆంప్లిఫయర్లు బజారులో పెట్టింది. ఫారెస్ట్ వైట్ అని, ఆ ఫ్యాక్టరీని ఏళ్ళ తరబడి నడిపిన మనిషి, ఆ సరుకు మన పేరుకు తగింది కాదన్నాడు. ఆ పట్టుదల మీదనే ఉద్యోగం వదులుకున్నాడు. ఆయన జోస్యమే నిజమైంది. అవి తరచూ పాడై తిరిగొచ్చాయి. 1971 నాటికి ఆ వరుస మొత్తం ఆగిపోయింది.

ఎందుకు పాడయ్యాయి? తప్పు ట్రాన్సిస్టర్‌ది కాదని నా అభిప్రాయం. వాల్వుకు అలవాటుపడిన చేతులు దాన్ని కూడా వాల్వులాగే చూశాయి. వాల్వు ఆంప్లిఫయర్‌లో స్పీకరు వైర్లు ఒకదానికొకటి తగిలినా మధ్యనున్న ట్రాన్స్‌ఫార్మర్ కాస్త కాచుకుంటుంది. ట్రాన్సిస్టర్‌కు ఆ కాపుదల లేదు. రక్షణ ఏర్పాటు లేకపోతే రెప్పపాటులో కాలిపోతుంది. ఇక వేడి సంగతి. ట్రాన్సిస్టర్ వేడెక్కితే దానిలో కరెంటు పెరుగుతుంది, కరెంటు పెరిగితే వేడి ఇంకా పెరుగుతుంది. అప్పు వడ్డీని, వడ్డీ అప్పును పెంచినట్టన్నమాట. మా పిల్లలకు క్లాసులో ఇలా చెబితేనే ఎక్కుతుంది. తొలినాటి జెర్మేనియం ట్రాన్సిస్టర్లలో ఈ జబ్బు మరీ ఎక్కువ. తరువాతి సిలికాన్ ట్రాన్సిస్టర్లు చాలా ఎక్కువ వేడికి తట్టుకున్నాయి.

శబ్దం గురించి కూడా ఫిర్యాదు ఉంది. గట్టిగా వాయించినప్పుడు వాల్వు మెల్లగా వంగుతుంది, ట్రాన్సిస్టర్ కత్తెరతో కోసినట్టు ఆగిపోతుంది. ఆ మాట నిజమే. కాని శుద్ధమైన నాదం కావలసినవాడికి అది లోపమే కాదు. 1975లో జపాన్ రోలాండ్ కంపెనీ తెచ్చిన జాజ్ కోరస్ 120 దీనికి రుజువు, అది నేటికీ వేదికల మీద కనిపిస్తుంది. బ్లూస్ విద్వాంసుడు బి.బి.కింగ్ ఏళ్ళ తరబడి వాడిన ల్యాబ్ సిరీస్ ఎల్5 కూడా ట్రాన్సిస్టర్లదే.

ఇప్పుడు అలాంటి పాతపెట్టె చేతికొచ్చిందనుకోండి. వెంటనే ప్లగ్గు పెట్టకండి. అమెరికా పెట్టె అయితే అది 117 వోల్టులకు చేసినది. మన 230 తగిలిస్తే పొగే. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి. తరువాత మన మెకానిక్కులందరికీ తెలిసిన ఉపాయం, సీరీస్ బల్బు. మామూలు ఫిలమెంటు బల్బును వరుసలో పెట్టి కరెంటివ్వాలి. బల్బు క్షణం వెలిగి మసకబారితే క్షేమం. నిండుగా వెలుగుతూనే ఉంటే లోపల ఎక్కడో షార్టు. అప్పటికి పోయేది ఏమీ ఉండదు.

స్పీకరు ఇంకా తగిలించకూడదు. ముందు మల్టీమీటరుతో స్పీకరు కొసల మధ్య డి.సి. వోల్టేజి చూడాలి. ప్లస్, మైనస్ రెండు సరఫరాలున్న ఆంప్లిఫయర్‌లో అక్కడ దాదాపు సున్నా రావాలి. ఒకే సరఫరా ఉండి, స్పీకరుకు ముందు పెద్ద కండెన్సర్ ఉన్న పాతరకంలోనైతే, ఆ కండెన్సర్‌కు వెనుక, అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు రెండూ కలిసే చోట, సరఫరాలో సగం రావాలి. అరవై వోల్టులైతే ముప్ఫై. ఈ ఒక్క కొలత సగం రోగాన్ని చెప్పేస్తుంది.

గుంయ్‌మని ఆగకుండా మోగుతుంటే సరఫరాలోని పెద్ద ఎలక్ట్రోలైటిక్ కండెన్సర్లు ఎండిపోయాయేమో చూడాలి. వయసు మీద పడితే వాటికి అది మామూలే. ముట్టుకునే ముందు వాటిలో నిలవున్న విద్యుత్తును రెసిస్టర్ ద్వారా ఖాళీ చేయడం మరవద్దు, ప్లగ్గు తీసినా అది కొట్టగలదు. వాల్యూమ్ తిప్పితే గరగరలాడితే కంట్రోల్‌లో మురికి చేరిందని అర్థం, క్లీనర్‌తో పోతుంది. అప్పుడప్పుడూ శబ్దం వచ్చి పోతుంటే ఎండు వెదురుపుల్లతో బోర్డు మీద మెల్లగా తట్టి చూడండి. టంకం విడిన చోట దొరికిపోతుంది.

అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ ఒకటి కాలితే జంటను మార్చాలి. దాన్ని నడిపే చిన్న ట్రాన్సిస్టర్లను, పక్కనున్న తక్కువ ఓముల రెసిస్టర్లను, వేడిని కనిపెట్టే డయోడును కూడా పరీక్షించాలి. ఇవి చూడకుండా కొత్తది వేస్తే అది కూడా కాలుతుంది. చాలామంది ఈ పెట్టెల మీద విసుగెత్తింది ఇక్కడే. మైకా వాషరు, దానికి పూసే తెల్లటి పేస్టు మరవకూడదు. 2ఎన్3055 వంటి పాత నంబర్లు బెంగళూరు ఎస్.పి. రోడ్డులో, చెన్నై రిచీ స్ట్రీట్‌లో, ముంబయి లామింగ్టన్ రోడ్డులో దొరుకుతాయి. నకిలీలూ ఉన్నాయి సుమా. పైన అదే నంబరు, లోపల మాత్రం చిన్న ముక్క. అందుకని ఒకే చోట నాలుగు కొనకుండా, ముందు రెండు తెచ్చి, బల్బు వరుసలో ఉండగానే ఒక గంట నడిపి చూడండి.