వీణకు మేళం కట్టే చెయ్యి

మా ఇంట్లో అమ్మ వాయించిన తంజావూరు వీణ ఒకటి ఉంది. ఆవిడ పోయాక చాలాకాలం గుడ్డ కప్పి ఉంచాం. మొన్నామధ్య మనవరాలు సరళీ వరసలు నేర్చుకుంటానంటే కిందికి దించాను. తీగలు మార్చి శ్రుతి చేశాను గానీ ఏ స్వరమూ తన చోట పలకలేదు. చెన్నై ఎండలకు మైనం మెత్తబడి మెట్లు కదిలిపోయాయి. మేళం కట్టేవారి కోసం వెతుకుతుంటే ఈ వాద్యం చరిత్ర మీదికి మనసు పోయింది.

వీణకు 24 మెట్లు. తంజావూరును 1600 నుంచి 1634 దాకా ఏలిన రఘునాథ నాయకుడి కాలంలో ఈ అమరిక స్థిరపడిందని సంప్రదాయం చెబుతుంది. ఆయన తెలుగులో కావ్యాలు రాసిన రాజు. తమిళ నేల మీద మన భాషకూ వీణకూ పొత్తు అప్పటినుంచే ఉంది. జార్జిటౌనులో వీణ ధనమ్మాళ్ (1867-1938) ఇంట శుక్రవారం సాయంత్రాలు జరిగే కచేరీలకు విద్వాంసులు కదిలి వచ్చేవారు. క్షేత్రయ్య పదాలకు ఆవిడ పెట్టింది పేరు.

రాజు పేరు నిలిచింది, వాయించినవారి పేరు నిలిచింది. మరి పనస దుంగను తొలిచి కుండగా, దండిగా మలిచిన వడ్రంగి పేరు? బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణలు చేసే సర్వసిద్ధి వారి ఇంటిపేరైనా మనకు తెలుసు. మా అమ్మ వీణ ఎవరు చేశారో మాకు తెలియదు.

స్పెయిన్ దేశంలో ఆంటోనియో డి టోరెస్ (1817-1892) కూడా వడ్రంగే. నేటి గిటారుకు రూపురేఖలు దిద్దినవాడు. నాదానికి పైపలకే ప్రాణమని చూపడానికి 1862లో పక్కలూ వీపూ అట్టతో చేసి, పైపలక మాత్రం కొయ్యతో పెట్టి ఒక గిటారు కట్టాడు. అది ఇప్పుడు బార్సిలోనా సంగీత మ్యూజియంలో ఉంది. తాను చేసిన గిటార్ల లోపల పేరు చీటీ అంటించేవాడు.

అయితే గిటారుకు మెట్లు కొలత ప్రకారం కొయ్యలో దిగ్గొడతారు. ఒకసారి కుదిరితే ఏళ్ళ తరబడి కదలవు. వీణకు అలా కాదు. తేనెమైనంలో మసి కలిపి దండి మీద రెండు గట్లుగా పోస్తారు. వాటి మీద కంచు మెట్టు నిలిపి, తీగ మీటి, చెవితో వింటూ వెంట్రుకవాసి జరుపుతారు. కొన్నేళ్ళకు మళ్ళీ అంతా విప్పి కట్టాల్సిందే. అంటే వీణ అమ్ముడుపోయాక కూడా పనివాడి చెయ్యి కావాలి. ఆ చెయ్యి లేకపోతే కొత్త వీణలు రాకపోవడమే కాదు, మన ఇళ్ళలో ఉన్నవీ మూగబోతాయి.

చివరికి ఒక పెద్దాయన దొరికారు. రెండు రోజులు కూర్చుని మేళం కట్టారు. పిల్లలకు ఈ పని నేర్పారా అని అడిగాను.

"వాళ్ళకి వేరే ఉద్యోగాలున్నాయమ్మా" అన్నారు తమిళంలో, మెట్టు మీదినుంచి చెవి తియ్యకుండానే.

అమ్మ పాటల పుస్తకం చివరి పేజీలో ఆయన పేరూ తేదీ రాసుకున్నాను. మీ ఇంట్లో గోడకు తగిలించిన వీణ ఉంటే ఒకసారి దించి చూడండి. మేళం కట్టేవారు ఉండగానే కట్టించుకోండి.