పటం చెప్పని సంగతి

సర్వే, భూరికార్డుల శాఖలో ముప్పయి మూడేళ్ళు గుమాస్తాగా పనిచేశాను. గ్రామపటాలు, ఎఫ్.ఎం.బి.లతోనే సర్వీసంతా గడిచింది. అందుకే న్యూజెర్సీలో మా అమ్మాయి ఇంట్లో ఉన్న ఆరు నెలల్లో ఒక వింత పటం కంటబడితే దాని పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకునేదాకా ఊరుకోలేకపోయాను. మన సభ్యులలో చాలామంది పిల్లలు ఆ దేశంలోనే ఉన్నారు గనుక ఇక్కడ వ్రాస్తున్నాను.

అది రేడాన్ పటం. నేలలోని యురేనియం క్రమంగా క్షీణించి రేడియమవుతుంది. దానినుంచి పుట్టే వాయువే రేడాన్. రంగూ లేదు, వాసనా లేదు. చలికాలం తలుపులు బిగించిన ఇంట్లో వేడిగాలి పైకి పోతుంటే, అడుగు పగుళ్ళలోంచి ఇది లోపలికి చేరుతుంది. ఏళ్ళ తరబడి పీలిస్తే ఊపిరితిత్తుల కాన్సరు రావచ్చు. పొగత్రాగేవారికి మరీ ప్రమాదం.

1984 డిసెంబరులో పెన్సిల్వేనియాలోని లిమరిక్ అణువిద్యుత్ కేంద్రంలో స్టాన్లీ వాట్రాస్ అనే ఇంజనీరు వెళ్ళినప్పుడల్లా రేడియేషన్ గంటలు మ్రోగేవి. ఆ కేంద్రంలో ఇంకా విద్యుదుత్పత్తే మొదలు కాలేదు. ఒకరోజు ఆయన లోపల అడుగుపెడుతూనే వెనక్కి తిరిగి గేటు దాటి చూశాడు. అప్పుడూ మ్రోగింది! అంటే ఆ ధార్మికత ఇంటినుంచి వస్తున్నదన్నమాట. కొలిస్తే ఆయన ఇంట్లో లీటరు గాలికి సుమారు 2,700 పికోక్యూరీలు. 4 దాటితే మరమ్మతు చేయించుకోవాలని ప్రభుత్వం తరువాత నిర్ణయించింది. విచిత్రమేమంటే, పొరుగింట్లో మామూలు స్థాయే ఉంది.

ఆ తరువాత సర్వేలు జరిగాయి. ఇళ్ళలోని కొలతలు, రాళ్ళ స్వభావం, నేల తీరు, విమానం నుంచి తీసిన రేడియేషన్ లెక్కలు, పునాదుల రకం, ఈ అయిదూ కలిపి 1993లో పర్యావరణ సంస్థవారు దేశమంతటికీ పటం వేశారు. ఎరుపు, నారింజ, పసుపు, మూడే రంగులు. కౌంటీ మొత్తానికి ఒకే రంగు! మన తాలూకా అంతటికీ ఒకే శిస్తు కట్టినట్టు. ఈ పటం చూసి ఏ ఇంటి సంగతీ తేల్చవద్దని, ఏ రంగులో ఉన్నా పరీక్ష చేయించుకోవలసిందేనని వేసినవారే స్పష్టం చేశారు. ఆ మాట మాత్రం ఎవరూ చదవరు. మన ఆఫీసులో పటాల క్రింది గమనికలు ఎందరు చదివారు గనుక!

మా అల్లుడూ చదవలేదు. "మనది నారింజ రంగేనండీ, మామయ్యగారూ, ఎరుపు కాదుగా" అన్నాడు. నేను పడుకునేది బేస్‌మెంటులో. పిల్లలు ఆడుకునేదీ అక్కడే. పటంలో ఒక విధంగానూ పొలంలో మరో విధంగానూ ఉన్న హద్దులు నేను ఎన్ని చూడలేదు! పట్టుబట్టి బొగ్గు డబ్బా ఒకటి తెప్పించాను. కిటికీలు మూసి మూడు రోజులుంచి ప్రయోగశాలకు పంపాము.

11 అని వచ్చింది. అమ్మాయి ఆ కాగితం రెండుసార్లు చదివి ఏమీ మాట్లాడకుండా నా పరుపు పైకి మోయించింది. పనివాళ్ళు వచ్చి నేలకు రంధ్రం చేసి, గొట్టం దింపి, అడుగుగాలిని ఇంటి కప్పు పైకి తోసే ఫ్యాను బిగించారు. మళ్ళీ కొలిస్తే 1.3. పరుపు తిరిగి క్రిందికి దిగింది. అల్లుడు వీధిలో మిగతా తెలుగువాళ్ళ ఇళ్ళకు కూడా డబ్బాలు తెప్పించాడు.