కళింగసీమలో అశ్వయానం – మార్గప్రమాదాలు: చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

గుర్రంపై ప్రయాణించేవారికి దారిలో ఎదురయ్యే ప్రమాదాలకు భారతీయ సంప్రదాయం రెండు కారణాలను ప్రధానంగా చూపింది. అశ్వశాస్త్రం గుర్రంలోని దోషాన్ని వెదికితే, లోకోక్తి రౌతు సామర్థ్యాన్ని ప్రశ్నించింది. శ్రీముఖలింగం పరిసరాలైన వంశధార, నాగావళి లోయల చరిత్రను పరిశీలిస్తే ఈ రెండింటికంటే బలమైన మూడో కారణం కనిపిస్తుంది. అది నేల. నది, అడవి, కొండ, జ్వరం అనే నాలుగు ప్రమాదాలు ఈ సీమలో గుర్రాన్ని నిత్యప్రయాణ సాధనం కానీయక, అధికారచిహ్నంగానే నిలిపిన తీరును చర్చించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: శ్రీముఖలింగం, కళింగనగరం, అశ్వశాస్త్రం, రౌతు, వంశధార, సవరలు, మన్యం.

1. ఉపోద్ఘాతం

శ్రీకాకుళం జిల్లాలో వంశధార ఎడమగట్టున ఉన్న శ్రీముఖలింగం మధుకేశ్వర, భీమేశ్వర, సోమేశ్వర ఆలయాలతో నేడు ప్రశాంతమైన క్షేత్రం. ఇదే తూర్పు గంగుల రాజధాని కళింగనగరమని ఇక్కడి శాసనాల ఆధారంగా నిరూపించడానికి కృషి చేసినవారు గిడుగు వేంకట రామమూర్తి. 1863లో ఈ ఊరికి సమీపంలోని పర్వతాలపేటలో జన్మించిన ఆయన, పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ ముఖలింగ శాసనాలను చదివారు.

రాజధాని ఉన్నచోట సైన్యం ఉంటుంది. సైన్యం ఉన్నచోట ఏనుగులు, గుర్రాలు, వాటిని నడిపే జనం ఉంటారు. శాసనాలు రాజుల విజయాలను, దానాలను చెప్పినంత వివరంగా ప్రయాణపు కష్టాన్ని చెప్పవు. రౌతు ఎక్కడ పడ్డాడు, గుర్రం ఏ రేవులో కూరుకుపోయింది అన్నవి రాతికెక్కే విషయాలు కావు. అందువల్ల ఈ అంశాన్ని శాస్త్రగ్రంథాలు, యాత్రాచరిత్రలు, సామెతలు, భౌగోళిక స్థితి, గిరిజనుల చిత్రకళ అనే భిన్న ఆధారాలను పక్కపక్కన ఉంచి పరిశీలించవలసి ఉంటుంది.

2. గజాలకు పుట్టినిల్లు, గుర్రాలకు పరాయినేల

కౌటిల్యుని అర్థశాస్త్రం కళింగ, అంగ దేశాల ఏనుగులను శ్రేష్ఠమైనవిగా పేర్కొంది. అదే గ్రంథం ఉత్తమాశ్వాలకు కాంభోజ, సింధు, ఆరట్ట, వనాయు దేశాలను చెప్పింది. కళింగంలో ఏనుగు అడవిలోనే దొరుకుతుంది. మేలుజాతి గుర్రం మాత్రం దూరదేశం నుంచి రావాలి. మధ్యయుగ రాజకీయ పరిభాషలో స్థిరపడిన అశ్వపతి, గజపతి, నరపతి అనే బిరుదుల్లో కళింగ, ఓఢ్ర పాలకులకు గజపతి బిరుదు దక్కడం ఈ నేపథ్యంలో సహజంగానే తోస్తుంది. 1434లో కపిలేంద్రుడు స్థాపించిన సూర్యవంశం ఆ పేరుతోనే ప్రసిద్ధి పొందింది.

గుర్రానికి ప్రమాదం దారిలోకంటే ముందే, సముద్రంలో మొదలయ్యేది. కాకతీయ గణపతిదేవుని మోటుపల్లి అభయశాసనం (1244) ఈ విషయంలో విలువైన సాక్ష్యం. తుపానుకు చిక్కి ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు మొదలైనవాటిని పూర్వరాజులు బలవంతంగా లాక్కునేవారని, తాను సుంకం తప్ప మరేమీ తీసుకోనని గణపతిదేవుడు అందులో హామీ ఇచ్చాడు. విజయనగర చరిత్రను రాసిన పోర్చుగీసు వర్తకుడు నూనిజ్, సాళువ నరసింహుడు సముద్రంలో చనిపోయిన గుర్రాలకు సైతం, తోక తెచ్చి చూపితే, వెల చెల్లించేవాడని తెలిపాడు. వర్తకులకు అంతటి భరోసా ఇస్తే తప్ప గుర్రాలు రాని పరిస్థితి ఉండేదన్నమాట.

ఒడ్డు చేరిన గుర్రానికి వాతావరణం మరో పరీక్ష. 13వ శతాబ్ది చివరలో దక్షిణభారత తీరాన్ని చూసిన మార్కోపోలో, అక్కడ దిగుమతి గుర్రాలు పెద్ద సంఖ్యలో చనిపోతుండడాన్ని గమనించాడు. వాటిని సాకే విధానం తెలియకపోవడం, లాడాలు కొట్టి వైద్యం చేసేవారు లేకపోవడం ఇందుకు కారణాలని అతని అభిప్రాయం. తమిళతీరం గురించి చెప్పిన ఈ మాటను కళింగానికి యథాతథంగా అన్వయించలేం. అయినా ఉక్కపోత, చిత్తడి ఉన్న తూర్పుతీరమంతటా పొడినేలల గుర్రానికి ఇబ్బంది తప్పదన్నది స్పష్టం.

3. శాస్త్రం చూసిన కారణం: గుర్రం

శాలిహోత్రుని పేర, నకులుని పేర ప్రచారంలో ఉన్న అశ్వశాస్త్రాలు, వరాహమిహిరుని బృహత్సంహితలోని అశ్వలక్షణ భాగం, తెలుగులో మనుమంచిభట్టు హయలక్షణవిలాసం ఒకే సంప్రదాయానికి చెందినవి. వీటిలో గుర్రం ఒంటిమీది సుళ్లకు విశేష ప్రాధాన్యం ఉంది. ఒకచోట సుడి ఉంటే యజమానికి శుభం, మరోచోట ఉంటే కీడు. ప్రమాదం జరిగే అవకాశాన్ని జంతువు శరీరంపై ముందే చదవాలన్న ప్రయత్నమిది. గుర్రాన్ని కొనేవేళ తీసుకునే జాగ్రత్తగా దీనిని అర్థం చేసుకోవచ్చు.

అయితే శాస్త్రమంతా లక్షణాలకే పరిమితం కాలేదు. స్వారీలో తలెత్తే దోషాలను శుక్రనీతి, అశ్వశాస్త్రాలు విడివిడిగా గుర్తించాయి. అకారణంగా సకిలించడం, తొట్రుపడడం, బెదరడం, దారి వదిలి పోవడం, కోపించడం, భ్రాంతి చెందడం వాటిలో ముఖ్యమైనవి. ఒక్కో దోషానికి కొరడా తగలవలసిన చోటు వేరని, తగనిచోట కొడితే కొత్త దోషాలు పుడతాయని హెచ్చరించాయి. ఈ జాబితా నిజానికి దారిప్రమాదాల వర్గీకరణే. తొట్రుపాటు వల్ల రౌతు ముందుకు పడతాడు. బెదురు వల్ల పక్కకు పడతాడు. దారి వదిలితే గుర్రంతోపాటు గోతిలో పడతాడు.

అమరకోశం చెప్పిన ఆస్కందితం, ధౌరితకం, రేచితం, వల్గితం, ప్లుతం అనే పంచధారలను కూడా ఈ దృష్టితో చూడాలి. ఇవన్నీ సమతలమైన నేలను, తగినంత జాగాను కోరే గతులు. చాళుక్య సోమేశ్వరుని మానసోల్లాసంలో వర్ణితమైన వాజివాహ్యాళీ వినోదం సిద్ధపరచిన మైదానంలో జరిగే అశ్వక్రీడ. శాస్త్రం ఊహించిన ఆదర్శభూమి అటువంటిది. కళింగపు దారులు అటువంటివి కావు.

4. లోకోక్తి చూసిన కారణం: రౌతు

‘రౌతు కొద్దీ గుర్రం’ అన్న సామెత తెలుగునాట అందరికీ తెలిసిందే. రౌతు మెత్తనైతే గుర్రం మూడుకాళ్లతో నడుస్తుందనే మాట కూడా వాడుకలో ఉంది. శాస్త్రం గుర్రంపై మోపిన బాధ్యతను లోకం రౌతుపై మోపింది. కళ్లెం పట్టే చేతి నిలకడ, జీను బిగింపు, రికాబులో పాదం ఉంచే తీరు రౌతు అధీనంలోని విషయాలు. పడినప్పుడు పాదం రికాబులో చిక్కితే గుర్రం అతణ్ని ఈడ్చుకుపోతుంది. కాబట్టి సామెతలో అనుభవసారం ఉంది.

గుర్రం స్వభావాన్ని గుర్తిస్తే సామెతకున్న పరిమితి తెలుస్తుంది. అది వేటాడే జంతువు కాదు, వేటకు గురయ్యే జంతువు. తలకు ఇరుపక్కలా ఉన్న కళ్లతో దాదాపు చుట్టూ చూడగలదు. ముక్కుకు నేరుగా ఎదుట, తోకకు నేరుగా వెనుక మాత్రం దానికి కనిపించదు. అనుమానం కలిగితే ముందు పరుగెత్తి, తరువాత పరిశీలిస్తుంది. పొదలో కదలిక, హఠాత్తుగా ఎగిరిన పక్షి, నీటిపై మెరుపు దానికి ఒకే రకమైన హెచ్చరికలు. నిపుణుడైన రౌతు ఆ బెదురును అదుపు చేయగలడే తప్ప పుట్టకుండా ఆపలేడు. ఆ బెదురు ఎంత ప్రమాదంగా మారుతుందన్నది కాళ్లకింది నేలను బట్టి ఉంటుంది.

5. నేల చెప్పే కారణాలు

మొదటిది నది. వంశధార, నాగావళి రెండూ ఒడిశా కొండల్లో పుట్టిన వర్షాధార నదులు. ఎగువ కొండల్లో వాన కురిస్తే దిగువన ఆకాశం నిర్మలంగా ఉన్నా వరద రావచ్చు. వేసవిలో విశాలమైన ఇసుకమేటలు, వానకాలంలో వడిగల ప్రవాహం వీటి లక్షణం. ఇసుక కింద నీరు నిలిచినచోట గుర్రపు గిట్ట దిగబడుతుంది. బయటపడాలన్న ఆందోళనతో గుర్రం ఎగిరిపడితే రౌతు పట్టు తప్పుతుంది. ఏనుగు నేలను తొండంతో తడిమి, నమ్మకం కుదిరాకే అడుగు వేస్తుంది. రెండు వాహనాల మధ్య భేదం రేవు దగ్గర తేలిపోతుంది.

రెండోది అడవిదారి. 1757 జనవరి 24న జరిగిన బొబ్బిలి యుద్ధాన్ని వివరించిన సందర్భంలో రాబర్ట్ ఓర్మ్, ఈ ప్రాంతపు కోటలు దట్టమైన చెట్ల నడుమ ఉంటాయని, లోపలికి వెళ్లే బాట ఇరుకుగా, తరచూ మలుపులతో సాగుతుందని వర్ణించాడు. ఆశ్వికదళం బలం వేగంలో, ఒక్కసారిగా మళ్లగల నేర్పులో ఉంటుంది. ఇరుకుబాట ఈ రెండింటినీ హరిస్తుంది. ముందున్న గుర్రం ఆగితే వెనుకనున్నవి దానిపైకి తోసుకువస్తాయి, వాలిన కొమ్మ రౌతు తలకు తగులుతుంది, వెనుదిరగడానికి చోటుండదు. స్థానిక పాలకులు అడవిని కోటగోడకు ముందుండే మరో గోడగా పెంచుకోవడంలో ఈ ఎరుక కనిపిస్తుంది.

మూడోది కొండవాలు. తూర్పుకనుమల కాలిబాటల్లో దిగుడు ఎక్కుడుకంటే ప్రమాదకరం. దిగేటప్పుడు బరువంతా ముందుకాళ్లపై పడుతుంది. వదులురాళ్లపై గిట్ట జారుతుంది. నిరంతరం తడిలో నానిన గిట్ట మెత్తబడి, మొనదేలిన రాయికి సులువుగా గాయపడుతుంది.

నాలుగోది జ్వరం. 1832 తరువాత పర్లాకిమిడి అలజడులను అణచడానికి జార్జ్ రసెల్ నాయకత్వంలో వెళ్లిన కంపెనీ సేనలను మన్యపు జ్వరం తీవ్రంగా బాధించింది. సవరభాషను అధ్యయనం చేయడానికి ఈ కొండలకే వెళ్లిన గిడుగు రామమూర్తి మలేరియాకు గురై, క్వినైన్ ప్రభావంతో వినికిడి కోల్పోయారు. మనిషికి దోమ ఎలాగో గుర్రానికి జోరీగ అలాగ. జోరీగల ద్వారా వ్యాపించే ‘సర్రా’ వ్యాధికి కారణమైన సూక్ష్మజీవిని 1880లో గ్రిఫిత్ ఎవాన్స్ గుర్తించేదాకా, వానల తరువాత గుర్రాలు క్షీణించి చనిపోవడానికి గల కారణం తెలియదు.

6. యాత్రికుని ఎంపిక, చిత్రకారుని ఊహ

పై నాలుగు కారణాలను కలిపి చూస్తే ఏనుగుల వీరాస్వామి ప్రయాణవిధానం అర్థవంతంగా కనిపిస్తుంది. 1830 మే 18న చెన్నపట్నం నుంచి బయలుదేరిన ఆయన, కాశీయాత్ర ముగించుకుని కలకత్తా, జగన్నాథం, గంజాం, శ్రీకాకుళం మీదుగా 1831 సెప్టెంబరు 3న తిరిగి చేరాడు. సంపన్నుడైన ఆయన ఈ సుదీర్ఘయాత్రకు బోయీలు మోసే వాహనాన్నే ఆశ్రయించాడు. గుర్రం వేగవంతమే. కాని రేవులో లోతు చూసి, గట్టున దారి అడిగి, బురదలో భుజం మార్చుకునే పని బోయీలే చేయగలరు. ప్రమాదం తొలగిపోలేదు; రౌతు నుంచి బోయీల భుజాలపైకి మారింది. యాత్రాచరిత్రల్లో యజమాని పేరు నిలిచి, ఆ బరువు మోసినవారి పేర్లు మరుగునపడడం ఈ సందర్భంలో గమనించదగింది.

నిత్యజీవితంలో అరుదైన గుర్రం కళలో మాత్రం విస్తారంగా కనిపిస్తుంది. గంగ నరసింహదేవుడు 13వ శతాబ్దిలో నిర్మించిన కోణార్క ఆలయం దక్షిణభాగంలోని యుద్ధాశ్వాలు శత్రువులను తొక్కుతున్నట్లు మలచబడ్డాయి. వంశధార ఎగువకొండల సవరల గోడచిత్రాల్లోనూ గుర్రపురౌతులు పదేపదే దర్శనమిస్తారు. వెరియర్ ఎల్విన్ 1955లో ప్రచురించిన సవరమత అధ్యయనంలో ఇటువంటి చిత్రాలను నమోదు చేశాడు. వాటిలో గుర్రమెక్కేది సాధారణ సవర కాదు; దేవతలు, అధికారహోదా గలవారు. కాలినడకన కొండలెక్కేవారి దృష్టిలో గుర్రం పైనుంచి వచ్చే శక్తికి సంకేతం. శిల్పంలోనూ చిత్రంలోనూ గుర్రం తడబడదు. నేలపై తడబడిన గుర్రం మాత్రం ఏ చరిత్రకూ ఎక్కలేదు.

7. మన్యంలో సజీవసంప్రదాయం

ఈ చరిత్ర పూర్తిగా గతించినది కాదు. 1890ల్లో తూర్పుతీర రైలుమార్గం ఏర్పడి మైదానప్రయాణం మారిపోయినా, వంశధార లోయకు నైరుతిదిశగా అవే తూర్పుకనుమల్లో ఉన్న పాడేరు, జి.మాడుగుల, చింతపల్లి ప్రాంతాల్లో గుర్రం నేటికీ పనిజంతువు. నేడు అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉన్న ఈ పల్లెల నుంచి కాఫీ, పసుపు వంటి పంటలు గుర్రాలపై సంతకు చేరతాయి. సరుకులు వాటిమీదే తిరిగివస్తాయి. రోడ్డు లేని పల్లెల్లో రోగులను డోలీలో మోసుకువస్తున్న సందర్భాలు తరచూ వార్తల్లోకి వస్తూనే ఉన్నాయి. వీరాస్వామి కాలంలో వెసులుబాటుగా ఉన్న భుజవాహనం ఇక్కడ నిస్సహాయతకు గుర్తు.

మన్యపు గుర్రం పొట్టిది, స్థానిక పరిస్థితులకు అలవాటుపడినది. దాని భద్రత సుడిలో లేదు, కొరడాలోనూ లేదు. ఏ వాగును ఏ నెలలో దాటకూడదు, ఏ వాలులో దిగి నడిపించాలి, ఎంత బరువు వేయాలి అన్న ఎరుకలో ఉంది. ఈ ఎరుక లిఖితం కాదు. రోడ్డు రావడం ఆ ప్రజల హక్కు, అది రావాలి. దానితోపాటు మోటారు హారన్ రూపంలో గుర్రానికి కొత్త బెదురూ వస్తుంది, పాత ఎరుకా తొలగిపోతుంది. గుర్రాలవారి వాడుకపదాలను, బాటల పేర్లను, రుతువుల జాగ్రత్తలను భాషాశాస్త్ర దృష్టితో సేకరించవలసిన అవసరం తెలుగు పరిశోధనరంగం ముందుంది.

8. ముగింపు

కళింగసీమలో అశ్వయాన ప్రమాదాలకు శాస్త్రం గుర్రాన్ని, సామెత రౌతును బాధ్యులను చేశాయి. రెండూ పాక్షికసత్యాలు. నది, అడవి, కొండ, జ్వరం కలిసి ఈ సీమలో ఏ వాహనం నిలవాలో నిర్ణయించాయి. గజపతుల బిరుదులోనూ, బొబ్బిలి అడవిబాటలోనూ, బోయీల భుజాలమీదా, సవరల గోడలమీదా ఆ నిర్ణయపు జాడలున్నాయి. శాసనాల నుంచి రాజవంశచరిత్రను వెలికితీసిన శ్రద్ధనే దారులపట్ల, వాటిపై నడిచినవారిపట్ల చూపినప్పుడు ప్రాంతీయచరిత్ర మరింత సమగ్రమవుతుంది. ఆ బాటలు తెలిసినవారు మన్యంలో ఇంకా ఉన్నారు కాబట్టి, ఆ పని ఇప్పటికీ సాధ్యమే.