నేలను బట్టి బండి

ఉన్నత పాఠశాలలో ఘర్షణను గురించి చెప్పునప్పుడు మనము రెండు సూత్రములు తప్పక చెప్పుదుము. ఘర్షణ బలము, వస్తువు నేలపై మోపు బలమునకు అనులోమానుపాతములో ఉండును. అది తాకు వైశాల్యముపై ఆధారపడదు. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు అమాంటన్ ఈ సూత్రములను 1699లో ప్రకటించెను. పాఠము ముగిసినంతనే చురుకైన విద్యార్థి ఎవడైన లేచి, “మాస్టారూ, అట్లయిన పందెపు కార్లకు అంత వెడల్పు టైర్లు ఎందుకండీ?” అని అడుగును. ఈ ప్రశ్నను దాటవేయుట న్యాయము కాదు. దీనికి సమాధానము ఒక బొమ్మకారు చరిత్రలో చక్కగా దొరకును.

బొమ్మకారు అన్నంతమాత్రాన చిన్నచూపు చూడరాదు. ఇచ్చట చెప్పబోవునది రేడియో సంకేతములచే నడచు ‘బగ్గీ’. ఇది నిజమైన కారులో పదవ వంతు పరిమాణము గలది. బరువు సుమారు 1.5 కిలోగ్రాములు. బ్యాటరీతో తిరుగు మోటారు వెనుక చక్రములు రెంటిని మాత్రమే నడుపును. ముందు చక్రములు దారి మళ్ళించుటకే ఉపయోగపడును. గతుకులు, గుట్టలు, వంపులు గల బాటపై ఇట్టి బండ్లు పందెములాడుచుండగా, నడుపువారు ప్రక్కనున్న ఎత్తైన వేదికపై నిలిచి వానిని త్రిప్పుచుందురు.

ఈ బండి రూపము కాలిఫోర్నియా ఇసుక తిన్నెలలో పుట్టినది. 1964లో బ్రూస్ మేయర్స్ అను నతడు ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ కారు యంత్రభాగములపై తేలికైన తొట్టి నమర్చి, ‘మేయర్స్ మాంక్స్’ అను ఇసుకబండిని నిర్మించెను. బీటిల్ కారులో ఇంజను వెనుక ఇరుసునకు ఆవల నుండును. ఆ బరువంతయు నడుపు చక్రములపై పడుటచే అవి ఇసుకలో జారక ముందుకు సాగెను. 1979లో జపానుదేశపు టామియా సంస్థ ‘రఫ్ రైడర్’, ‘శాండ్ స్కార్చర్’ అను రేడియో బగ్గీలను విడుదల చేసినప్పుడు వానిలో కూడ మోటారు వెనుక ఇరుసునకు వెనుకనే ఉండెను. పెద్ద బండి పోలికతోపాటు దానిలోని యుక్తియు చిన్న బండికి సంక్రమించినది.

1984లో అమెరికాలోని టీమ్ అసోసియేటెడ్ సంస్థ ‘ఆర్‌సీ10’ అను బగ్గీని వెలువరించెను. దీని రూపశిల్పి రోజర్ కర్టిస్. అల్యూమినియము తొట్టి, నాలుగు చక్రములకును విడివిడిగా కదలు చేతులు, నూనె నింపిన షాక్ అబ్సార్బర్లు ఇందు గలవు. మరలు గల కడ్డీలను త్రిప్పి చక్రముల వాలును మార్చవచ్చును. స్ప్రింగును మార్చవచ్చును, నూనెను మార్చి దాని స్నిగ్ధతను హెచ్చించవచ్చును, తగ్గించవచ్చును. అనగా ఇది నేలను బట్టి సవరించుకొనదగిన బండి. 1985లో కాలిఫోర్నియాలోని డెల్ మార్‌లో జరిగిన ప్రపంచపు పోటీలో జే హాల్సీ ఈ బండితోనే రెండుచక్రముల నడకగల తరగతిలో విజేత ఆయెను. అందును మోటారు వెనుక ఇరుసునకు ఆవలనే ఉన్నది. పందెములాడువారిలో అనేకులు అదియే సరియైన స్థానమని చాలకాలము తలచిరి.

వారు అట్లు తలచుటకు కారణము కలదు. మన రైతు బండిలో బస్తాలు మరీ వెనుకకు వేసిన కాడి పైకి లేచును. మరీ ముందుకు వేసిన ఎడ్ల మెడలపై భారము పడును. బగ్గీలోను ఇట్టి తూకమే ఉన్నది. అయితే ఇచ్చట మరియొక విశేషము కలదు. బండి వేగము హెచ్చునపుడు, ముందు చక్రములపైనున్న బరువులో కొంత వెనుక చక్రములపైకి మారును. మారు బరువును కనుగొనుటకు మొత్తము బరువును, త్వరణమునకు గురుత్వ త్వరణమునకు గల నిష్పత్తిచేతను, గరిమనాభి ఎత్తునకు ఇరుసుల మధ్య దూరమునకు గల నిష్పత్తిచేతను గుణింపవలెను.

ఒక ఉదాహరణము చూతము. బండి బరువు 1500 గ్రాములు, గరిమనాభి ఎత్తు 5 సెంటీమీటర్లు, ఇరుసుల మధ్య దూరము 28 సెంటీమీటర్లు అనుకొందము. కదలక నిలిచియున్నప్పుడు వెనుక చక్రములపై 975 గ్రాములు, ముందు చక్రములపై 525 గ్రాములు పడుచున్న వనుకొందము. పొడి దుమ్ము బాటపై చక్రములు జారును గనుక త్వరణము గురుత్వ త్వరణములో 0.3 వంతు మాత్రమే లభించినదనిన, వెనుకకు మారు బరువు సుమారు 80 గ్రాములు. ఇది స్వల్పము. కావున జారుడు నేలపై వెనుక చక్రములకు కావలసిన బరువును ముందుగానే అచ్చట ఉంచవలసియున్నది. మోటారు వెనుక నుండుటకు ఇదియే హేతువు.

అదే బండిని తివాచీ పరచిన బాటపైకి తెచ్చితిమనుకొనుడు. రబ్బరు తివాచీని గట్టిగా పట్టును. త్వరణము గురుత్వ త్వరణమునకు సమానమైనచో, మారు బరువు సుమారు 268 గ్రాములగును. అప్పుడు ముందు చక్రములపై మిగులునది 257 గ్రాములే. మలుపు తిరిగి బయటపడుచు వేగము హెచ్చించినంతనే ముందు చక్రములు తేలిపోయి, బండి దారి మళ్ళక తిన్నగా పోవును. దుమ్ములో సుగుణమైనది తివాచీపై దోషమైనది! పట్టుగల నేల వెనుక చక్రములకు కావలసిన బరువును తానే తెచ్చిపెట్టుచుండగా, మనము అదనముగా ఉంచిన బరువు ముందు చక్రములకు లోటగును.

యూరపులో వానలకు చలికి వెరచి పందెములను కప్పుగల మందిరములలో తివాచీలపై నడపుటయు, ఆరుబయట కృత్రిమపు పచ్చిక పరచిన బాటలపై నడపుటయు ఈ శతాబ్దములో బాగుగా వ్యాపించినవి. అంతట మోటారును వెనుక ఇరుసునకు ఇవతలికి, బండి నడుమకు జరుపు పద్ధతి బలపడినది. పాత బ్యాటరీల స్థానమున తేలికైన లిథియం పాలిమర్ బ్యాటరీలు వచ్చుటచే బరువును కోరినచోట ఉంచుకొను వీలు కూడ కలిగినది. 2011లో టీమ్ లోసీ రేసింగ్ సంస్థ వెలువరించిన ‘22’ అను బగ్గీని మోటారు వెనుక నుండునట్లు గాని, నడుమ నుండునట్లు గాని ఎవరి ఇష్టమును బట్టి వారు బిగించుకొనవచ్చును. 2016లో టీమ్ అసోసియేటెడ్ సంస్థ మరియొక అడుగు ముందుకు వేసినది. మోటారు నడుమనున్న బండ్లనే రెండు విధములుగా నిర్మించి, పట్టు హెచ్చుగా గల బాటలకు ‘బీ6’ అనియు, మట్టి బాటలకు ‘బీ6డీ’ అనియు పేర్లు పెట్టెను. సరియైన బండి ఒకటే అను తలంపు ఇట్లు వీగిపోయినది.

ఇక టైర్ల సంగతి. వదులు మట్టిలో పొడుగైన రబ్బరు ముళ్ళు గల టైర్లు వాడుదురు. ఆ ముళ్ళు మట్టిలో దిగి దానిని వెనుకకు త్రోయును. పొలములో దమ్ము చేయు ట్రాక్టరుకు ఇనుప దమ్ము చక్రములు తగిలించుట వంటిదే ఇది. గట్టిపడి నున్ననైన బంకమట్టిపై పొడుగు ముళ్ళు వంగిపోవును. అచ్చట పొట్టి ముళ్ళు గల మెత్తని రబ్బరు మేలు. ఉదయము నీరు చల్లిన బాట మధ్యాహ్నమునకు ఎండి దుమ్మెత్తును. కావున ఒకే బాటపై ఒకే దినమున రెండు రకముల టైర్లు అవసరము కావచ్చును. గతుకుల నేలకు మెత్తని స్ప్రింగులు, కొంచెము ఎత్తైన నిలుపు కావలెను. నున్నని తివాచీపై బండిని క్రిందికి దించి, స్ప్రింగులను గట్టివి వేయుదురు. అచ్చట పట్టు మరీ ఎక్కువైన బండి మలుపులో ప్రక్కకు దొర్లిపోవు ప్రమాదము కూడ కలదు. అందుచే ముందు టైర్ల ప్రక్కగోడలకు గట్టిపడు జిగురు పూసి పట్టును తగ్గించుచుందురు. పట్టుకొరకు అంతగా ప్రాకులాడినవారే దానిని తగ్గించుకొనుట వింత గాదా?

ఇప్పుడు విద్యార్థి ప్రశ్నకు వత్తము. అమాంటన్ సూత్రములు లోహము, కొయ్య వంటి గట్టి పదార్థములకు చాలవరకు సరిపోవును. రబ్బరు అట్టిది కాదు. అది వంగి నేలలోని ఎగుడుదిగుడులలో ఒదుగును. దానిపై బరువు రెట్టింపైనను, నేలను నిజముగా తాకు వైశాల్యము రెట్టింపు కాదు. అందుచే ఒత్తిడి హెచ్చినకొలది ఘర్షణ గుణకము తగ్గును. అదే బరువును వెడల్పు టైరుపై పరచినచో ఒత్తిడి తగ్గి పట్టు హెచ్చును. రబ్బరు ఘర్షణ జారు వేగముతోను ఉష్ణోగ్రతతోను మారుననియు, ఆ రెండు మార్పులకు రబ్బరు సాగుడు గుణముతో సంబంధము కలదనియు గ్రోష్ అను శాస్త్రజ్ఞుడు 1963లో ప్రయోగపూర్వకముగా చూపెను. మట్టి సంగతి మరియు వేరు; అచ్చట జారునది రబ్బరే కానక్కరలేదు, మట్టి పొర తెగి మట్టిపైననే జారవచ్చును. కావున సూత్రము అబద్ధము కాదు. దానికి ఎల్లలు కలవు. ఎల్లలను చెప్పక సూత్రమును మాత్రమే చెప్పుట సగము పాఠము.

దీనిని పాఠశాలలోనే పరీక్షింపవచ్చును. పాత టైరునుండి రెండు ముక్కలు కోయుడు. రెండవది మొదటిదానికి రెట్టింపు వైశాల్యము గలదై యుండవలెను. వానిని సమానమైన కొయ్య పలకలకు అతికించి, ఒక్కొక్క పలకపై అర కిలో రాయి నుంచి, స్ప్రింగు త్రాసుతో మెల్లగా లాగుడు. ఊడ్చిన సిమెంటు నేలపైన, దుమ్ము చల్లిన నేలపైన, చాపపైన త్రాసు చూపు అంకెలను వ్రాసికొనుడు. పిదప బరువును ఒక కిలోకు హెచ్చించి చూడుడు. ప్రతిసారి ఒక్క అంశమునే మార్చవలెను.

పందెగాండ్లును ఇట్లే చేయుదురు. టైరు రకము, స్ప్రింగు, నూనె, చక్రముల వాలు అన్నింటిని ఒక కాగితముపై వ్రాసికొని, ఒక్కొక్క దానినే మార్చి ఫలితమును గుర్తించుకొందురు. ప్రపంచ విజేత కాగితమును తెచ్చి మన నేలపై వాడుట, పొరుగువాని మందుచీటీతో మన జ్వరమునకు మందు కొనుటవంటిది. విజేతనుండి మనము గ్రహింపదగినది అతని అంకెలు కావు. నేలను అడిగి తెలిసికొను అతని పద్ధతి.