దీర్ఘకాలిక శ్వాసరోగ ప్రకోపములు: విలక్షణ సూక్ష్మజీవుల పాత్ర

పొగాకు చేతనో, కట్టెపొయ్యి పొగను ఏండ్ల తరబడి పీల్చుట చేతనో శ్వాసనాళములు సంకుచితములై, ఊపిరితిత్తుల గాలిగదులు శిథిలములై క్రమముగా ముదురు వ్యాధిని వైద్యులు సి.ఓ.పి.డి. యందురు. కొలదిపాటి ఆయాసముతో కాలము గడుపుచుండు రోగి ఒకనాటి రాత్రి మంచపు పట్టెపై చేతులానించి, ముందునకు వంగి, పిల్లికూతల నడుమ ముకుళించిన పెదవులతో ఊపిరి వదలుచు తెల్లవార్చును. ఆయాసము హెచ్చుట, కఫము అధికమగుట, అది చీమువలె పచ్చబడుట అను మూడు లక్షణములను 1987లో కెనడా వైద్యుడు ఆంథొనిసెన్, ఆయన సహచరులు ఇట్టి ప్రకోపమునకు ప్రమాణములుగా గైకొనిరి. తరచు వచ్చు ప్రకోపములు ఊపిరితిత్తుల క్షీణతను త్వరితపరచును గనుక, వాని కారణమును నిర్ణయించుట రోగి ఆయుర్దాయమునకు సంబంధించిన విషయము.

హీమోఫిలస్, న్యూమోకాకస్, మొరాక్సెల్లా అను బాక్టీరియాలును, జలుబు కలిగించు వైరసులును ఈ ప్రకోపములకు ముఖ్యకారణములని సుప్రసిద్ధము. వీనికి భిన్నముగా మైకోప్లాస్మా, క్లమీడియా, లెజియొనెల్లా అను మూడింటిని విలక్షణములని వేఱుపరచుటకు తగిన హేతువు కలదు. మైకోప్లాస్మాకు కణకవచమే లేదు; కవచనిర్మాణమును భంగపరచి బాక్టీరియాలను హతమార్చు పెనిసిలిన్‌కు దానియందు లక్ష్యమే దొరకదు. 1944లో ఈటన్ కనుగొన్న ఈ జీవిని చాలకాలము వైరసనియే తలచిరి. 1962లో చానక్, హేఫ్లిక్ ప్రభృతులు కృత్రిమ పోషకద్రవ్యముపై దానిని పెంచిన పిమ్మటనే ఆ భ్రాంతి తొలగినది. క్లమీడియా మన కణములలోపలనే వర్ధిల్లును. 1976లో ఫిలడెల్ఫియా నగరపు హోటలులో సమావేశమైన మాజీ సైనికులను బలిగొన్న లెజియొనెల్లా నీటితొట్లలోని అమీబాల నాశ్రయించి జీవించును.

ఇవి ప్రకోపములకు ఎంతవఱకు కారణములను ప్రశ్నకు లభించిన సమాధానములు పరీక్షను బట్టి మాఱినవి. రోగి చేరిన నాడొక మాఱు, కొన్ని వారముల పిమ్మట మఱియొక మాఱు రక్తము తీసి, ప్రతిరక్షకములు నాలుగింతలు పెరిగినచో సంక్రమణ జరిగినదని నిర్ణయించుట పాతపద్ధతి. ఈ పద్ధతిని అనుసరించి ఇజ్రాయెల్‌లోని బీర్షెబా వైద్యులు 240 ప్రకోపములలో 34 యందు మైకోప్లాస్మాకును, 40 యందు లెజియొనెల్లాకును నిదర్శనములు చూపిరి. కాని వారిలో అనేకులకు వేఱొక సూక్ష్మజీవి సంక్రమణయు తోడై యుండెను. కఫములోని సూక్ష్మజీవుల జన్యుపదార్థమునే వెదకు పి.సి.ఆర్. పరీక్షతో నెదర్లాండ్స్ పరిశోధకులు 2007లో ప్రకటించిన పరిశీలనలో మైకోప్లాస్మా, క్లమీడియాల జాడయే కానరాలేదు. రక్తము చెప్పునది శరీరపు జ్ఞాపకము. కఫము చూపునది నేటి శత్రువు. పూర్వసంక్రమణల ప్రతిరక్షకములు వృద్ధుల రక్తములో నిలిచియుండుట సహజము గనుక, మొదటి సాక్ష్యమును రెండవదానితో సరిచూడక స్వీకరించుట యుక్తము కాదు.

ఇక చికిత్సాఫలితముల సాక్ష్యమును చూతము. 2011లో ప్రకటితమైన అమెరికా పరిశోధనలో ఏడాదిపాటు దినమునకు 250 మిల్లీగ్రాముల ఎజిత్రోమైసిన్ సేవించినవారికి ప్రకోపములు సగటున ఏటికి 1.48 రాగా, ఉత్తుత్తి మందు సేవించినవారికి 1.83 వచ్చినవి; ఎజిత్రోమైసిన్ సేవించినవారిలో కొందఱికి వినికిడి మందగించినది. ఈ ఔషధము విలక్షణ జీవులను సంహరించుటయే గాక శ్వాసనాళముల వాపును కూడ శమింపజేయును గావున, మందు పనిచేసినదని ఆ జీవులే కారణమని నిశ్చయింపరాదు.

కావున విలక్షణ జీవుల పాత్ర ఉన్నది గాని, అది పరిమితమనియే నా అభిప్రాయము. పెనిసిలిన్ జాతి మందులకు జ్వరము లొంగనప్పుడు, ఎక్స్‌రేలో న్యుమోనియా నీడ కనబడినప్పుడు, ఇంటిలో మఱికొందఱు విడువని దగ్గుతో బాధపడుచున్నప్పుడు వీనిని అనుమానించుట వైద్యధర్మము. ప్రతి ప్రకోపమునందును ఈ అనుమానముతోనే, విలక్షణ జీవులపై పనిచేయు లెవోఫ్లాక్సాసిన్ వంటి మందును వ్రాయుట మాత్రము క్షయవ్యాధి విస్తారముగా నున్న మన దేశమున ప్రమాదకరము. ఆ మందు క్షయక్రిములను కొంత అణచి, వ్యాధి బయటపడుటను వారముల తరబడి ఆలస్యము చేయును. దీర్ఘకాలముగ దగ్గువాని కఫమును ముందుగా క్షయపరీక్షకు పంపి, ఆ పిమ్మటనే కలము చేతబట్టుట మన వైద్యులకు విధి.