నటి చేతి కలము: భానుమతీ రామకృష్ణ కథారచన

రంగస్థలమునందును, చలనచిత్రములందును పేరు గడించినవారు కలము పట్టినచో, వారి రచనలను తీరికవేళల వినోదముగ ఎంచుట మన సాహిత్యచరిత్రలో పరిపాటియైనది. శ్రీమతి భానుమతీ రామకృష్ణ విషయమున ఈ అంచనా న్యాయము కాదని చూపుటయే ఈ వ్యాసము ఉద్దేశము. ఆమె 'అత్తగారి కథలు' నటీజీవితమునకు అనుబంధములు కావు. విజయనగరమున గురజాడ అప్పారావుగారు తెరచిన త్రోవలో అవి తరువాతి మజిలీ.

భానుమతి 1925లో ఒంగోలు సమీపమందలి దొడ్డవరమున జన్మించెను. తండ్రి బొమ్మరాజు వెంకటసుబ్బయ్యగారు సంగీతజ్ఞులు. ఆమెకు తొలి గురువు ఆయనయే. 1939లో సి. పుల్లయ్యగారు తీసిన 'వరవిక్రయము'న కాళింది పాత్రతో ఆమె చిత్రరంగమున ప్రవేశించెను. కాళ్ళకూరి నారాయణరావుగారి నాటకము ఆ చిత్రమునకు మూలము. 1892లో విజయనగరమున తొలిసారి ప్రదర్శితమైన 'కన్యాశుల్కము' కన్యను అమ్ముకొను దురాచారమును నవ్వులపాలు చేయగా, 'వరవిక్రయము' వరుని కొనుక్కొను దురాచారమును నిరసించినది. కట్నపు బేరమునకు తాళలేక ప్రాణము విడుచు కన్య కాళింది. అనగా భానుమతి తొలిపాత్ర, అత్తవారింట అడుగిడుటకంటె చావు మేలనుకొన్న ఆడుబిడ్డ పాత్ర. ఈ విషయము మున్ముందు మనకు అక్కఱకు వచ్చును.

1943లో ఆమె పి. యస్. రామకృష్ణారావుగారిని వివాహమాడెను. పిమ్మట నటన మానదలచినను, బి. యన్. రెడ్డిగారి 'స్వర్గసీమ' (1945) ఆమెను మరల రంగమునకు రప్పించినది. దంపతులు భరణీ సంస్థను నెలకొల్పిరి. 1951లో 'మల్లీశ్వరి' వెలువడినది. 1953లో 'చండీరాణి'ని తెలుగు, తమిళ, హిందీ భాషలలో ఆమెయే దర్శకత్వము వహించి నిర్మించెను. నటి, గాయని, దర్శకురాలు, నిర్మాత అను నాలుగు బాధ్యతలను మోసిన స్త్రీలు ఆ కాలమున అరుదు. ఆమె పాత్రలలోని ఠీవి, స్వాతంత్ర్యము లోకవిదితములు.

ఇట్టి వ్యక్తి కథ వ్రాసినచో తన్నే నాయికగా నిలుపుకొనునని పాఠకుడు తలచుట సహజము. జరిగినది వేఱు. 'అత్తగారి కథలు' కోడలి నోట చెప్పబడినవి; కాని రంగమధ్యమున నిలుచునది అత్తగారే. మడి, ఆచారము, ఆవకాయ, ఇంటి పనివారు, ఇరుగుపొరుగులు: ఇవియే ఇతివృత్తములు. అత్తగారు చాదస్తురాలు, అయినను కల్లకపటము లేనిది. కోడలు ఆమె మాటను ఆమె పలుకుబడితోనే వినిపించి, తాను ప్రక్కకు తప్పుకొనును. ఎదుటి పాత్రకు మాట విడిచి, తాను వినుచు నిలుచుట నటనలో కష్టసాధ్యమైన విద్య. ఆ విద్యయే ఇచట కథనశిల్పమైనది. ఈ కథలు ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ పురస్కారమును పొందినవి.

ఇచట గురజాడవారి 'దిద్దుబాటు' (1910) స్మరణీయము. అందు కమలిని చదువుకొన్న ఇల్లాలు. భర్తను దిద్దుటకు ఒక ఉత్తరము వ్రాసిపెట్టి, మంచము క్రింద దాగియుండును. కథాంతమున వినవచ్చునది ఆమె నవ్వు మాత్రమే. కథ నడుపు దృష్టి భర్తది. భానుమతి కథలలో ఆ నవ్వు మంచము క్రిందనుండి వెలుపలికి వచ్చి, కథ అంతయు తానే చెప్పినది. ఇల్లాలి తెలివికి ఉత్తరము చాలిన కాలమునుండి, ఇల్లాలి గొంతే కథయైన కాలమునకు మన కథానిక సాగిన దూరము ఇందు గోచరించును.

ఒక ఆక్షేపము కలదు. ఈ హాస్యము కుటుంబవ్యవస్థను ప్రశ్నింపదనియు, కాళింది దుఃఖమునకు ఇందు చోటు లేదనియు అనవచ్చును. అది కొంతవఱకు నిజమే. ఈ కోడలు భయము లేని కోడలు. భయము లేనిచోటనే అత్తగారిని మనిషిగా చూచి నవ్వగల చనువు పుట్టును. కాళిందికి లభింపనిది ఆ నిర్భయమే. కావున ఈ నవ్వు వెనుక రచయిత్రి స్వార్జిత జీవితము కలదని గ్రహింపవలెను. అట్టి జీవితము ఎందఱు కోడండ్రకు దక్కినదను ప్రశ్నయు మిగులును.

1966లో పద్మశ్రీ, 2001లో పద్మభూషణ్ బిరుదములు ఆమెను వరించినవి. శ్రీకాకుళ విజయనగర ప్రాంత కళాశాలలకు చిరకాలము మాతృసంస్థయైన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1975లో కళాప్రపూర్ణ బిరుదమిచ్చి గౌరవించెను. ఆత్మకథ 'నాలో నేను' చలనచిత్ర సంబంధ గ్రంథములలో ఉత్తమమైనదిగ జాతీయ పురస్కారమును పొందినది. 1986లో వచ్చిన 'అత్తగారూ స్వాగతం' చిత్రమున ఆమెయే అత్తగారి పాత్ర ధరించెను. 2005 డిసెంబరు 24వ తేదీన మదరాసున కన్నుమూసెను.

బిరుదములు నటికి గౌరవము తెచ్చును. రచయిత్రికి గౌరవము తెచ్చునది పఠనమే. పరిశోధక విద్యార్థులు 'దిద్దుబాటు', 'అత్తగారి కథలు' ప్రక్కప్రక్కన నుంచి, వానియందలి సంభాషణలను వాక్యము వాక్యముగ పరిశీలించినచో, తెలుగు హాస్యకథ చరిత్రలో భానుమతికి రావలసిన స్థానము సుస్పష్టమగును.